అడిగి వెళ్ళినవాళ్ళకు ఒక బహిరంగ లేఖ

గ్రామాభివృద్ధి, భూమి, పర్యావరణ ప్రణాళికల మీద పరిశోధన కోసం మా ఊళ్ళకు వచ్చే ప్రొఫెసర్లకు, పీహెచ్‌డీ పిల్లలకు, రీసెర్చ్ సంస్థల సార్లకు, మేడంలకు,

నమస్కారం.

నేను మీలో చాలామందికి తెలుసు. పేరు గుర్తుండకపోవచ్చు. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో మీరు సర్వేకు దిగినప్పుడు బస్టాండు దగ్గర కలిసి, ఊళ్ళోకి తీసుకెళ్ళి, "మంచి సారే, చెప్పుండ్రి" అని మీ తరఫున మాటిచ్చి, ప్రశ్నలు అడిగి, గళ్ళు నింపి, సాయంత్రం ఆఖరి బస్సు ఎక్కించిన మనిషిని. మీ కాగితాల్లో నన్ను ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్ అంటారు. ఊళ్ళో సర్వే అక్క అంటారు. 1998లో ఇంటర్ పాసై ఇంట్లో కూర్చుని ఉంటే, ఆడవాళ్ళతో మాట్లాడటానికి ఆడమనిషి కావాలని ఒక సారు అడిగితే మొదలుపెట్టాను. ఇప్పటికి ఎన్ని సర్వేలు చేశానో లెక్క పెట్టలేదు. అందరి లెక్కలూ రాశాను గానీ నా లెక్క ఎవరూ అడగలేదు లెండి.

ఊరి పేరు రాయడం లేదు. మీ థీసిస్‌లలో కూడా మా ఊరికి మారుపేరే ఉంటుంది. ఒకదాంట్లో మేము "గ్రామం బి". ఆ "గ్రామం ఎ" ఏ ఊరో నాకు ఇప్పటికీ తెలియదు.

మొన్న పీర్ల పండక్కి వలస వెళ్ళినవాళ్ళంతా ఊరికి వచ్చారు. పీర్లకొట్టం అరుగు మీద కూర్చుని ఉంటే, నాకు మామ వరసయ్యే పెద్దాయన కర్ర పక్కన పెట్టి అడిగాడు: "ఏమే, ఆ పొడుగు పిలగాడు మన బోర్ల లెక్కంత రాసుకపాయె గద. ఏం తేలిందంట?"

ఆ పొడుగు పిల్లవాడు వచ్చి పద్దెనిమిదేళ్ళు దాటింది. ఇప్పుడు ఎక్కడో ప్రొఫెసర్ అయి ఉంటాడు, తల కూడా నెరిసి ఉంటుంది. మామ మాత్రం ఇంకా జవాబు కోసం చూస్తున్నాడు. "తెల్వదు మామా" అన్నాను. "తెల్వదేంది, నువ్వే గదనే రాసింది" అన్నాడు.

ఆ రాత్రి నుంచి ఈ ఉత్తరం రాయాలనుకుంటున్నాను.

మా ప్రాంతానికి అడిగే మనుషులు కొత్త కాదు. 1929-30లోనే కేశవ అయ్యంగార్ గారు నిజాం రాజ్యంలో ఊరూరా ఆర్థిక లెక్కలు తీశారు. 1951లో ఉస్మానియా నుంచి దూబే గారి బృందం పల్లె జీవితాన్ని చదవడానికి శామీర్‌పేటలో దిగింది. 1975లో మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్ళు మా జిల్లాలోనే అవురుపల్లి, డోకూరు ఊళ్ళను ఎంచుకుని, మనుషులను అక్కడే కాపురం పెట్టించి ఏళ్ళ తరబడి ఇంటింటి జమాఖర్చులు రాయించారు. మా వాళ్ళు ఎప్పుడూ కసురుకోలేదు. చాయ్ పోసి, మంచం వాల్చి, తమ అప్పులు కూడా చెప్పారు. సొంత అన్నదమ్ములకు చెప్పని అప్పులు. అడగడం తప్పని నేను అనడం లేదు. అడిగి, రాసుకుని, బస్సెక్కి, మళ్ళీ కనబడకపోవడం గురించే నా బాధ. దానికంటే ముందు, అడిగే తీరు గురించి కూడా నాలుగు మాటలు చెప్పాలి. మధ్యలో కూర్చుని రాసినదాన్ని కాబట్టి ఎక్కడ ఏం జారిపోయిందో నాకు తెలుసు.

మీ ప్రశ్నల కాగితం ఇంగ్లీషులో పుట్టి తెలుగులోకి వస్తుంది. దాన్ని ఎవరు మారుస్తారో గానీ వాళ్ళు ఎన్నడూ పల్లెలో నీళ్ళు తాగి ఉండరు. ఒకసారి ఇచ్చిన ప్రశ్న ఇదీ: "వాతావరణ మార్పుల వల్ల కలిగే ఆఘాతాలను తట్టుకొనుటలో మీ కుటుంబం యొక్క స్థితిస్థాపకత ఏ మేరకు ఉన్నది?" కింద ఐదు గళ్ళు, చాలా ఎక్కువ నుంచి చాలా తక్కువ దాకా. నేను చదివితే, ఉల్లిగడ్డ కోస్తున్న ఆమె కత్తిపీట మీద చెయ్యి ఆపి నా ముఖం చూసింది. కాగితం కింద పెట్టి, "వాన పోతే ఎట్ల గడుస్తది వదినా?" అన్నాను.

పావుగంట చెప్పింది. మొదట కోళ్ళు అమ్ముతారు, తర్వాత మేకలు. ఎద్దుల జోలికి మాత్రం పోరు, ఒకసారి అమ్మితే మళ్ళీ కొనలేరు కాబట్టి. చిన్నపిల్లను అమ్మమ్మ దగ్గర వదిలి పుణె పోతారు. మేస్త్రీ దగ్గర ఎంత అడ్వాన్స్ తీసుకుంటే ఎన్ని నెలలు బాకీపడతారు, ఎవరి దగ్గర చేబదులు అడగొచ్చు, ఎవరి దగ్గర అడిగితే ఊరంతా తెలుస్తుంది, ఏ ఏడు ముక్కుపుడక కుదువ పెట్టింది, అది ఇంకా ఎందుకు రాలేదు, అన్నీ చెప్పింది. నేను "తక్కువ" అన్న గడిలో టిక్కు పెట్టాను. ఆ టిక్కు మీకు చేరింది. పావుగంట మాటలు నా దగ్గరే ఉండిపోయాయి.

మామ బోర్ల సంగతి కూడా ఇలాంటిదే. ఆ రోజు ఫార్మాట్‌లో ప్రశ్న "మీకు ఎన్ని బోర్లు ఉన్నాయి?" మామ "ఒకటి" అన్నాడు, నేను ఒకటి అని రాశాను. అబద్ధం కాదు. నీళ్ళు పోస్తున్నది ఒకటే. ఆ ఒక్కటి పడేలోపు ఆయన ఆరు వేయించాడు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడిచేవాడు ఒకడు, వేపపుల్ల పట్టుకునేవాడు ఒకడు, ఇద్దరికీ డబ్బులిచ్చాడు. ఆరింట్లోంచీ రాతిపొడి లేచింది. ఊళ్ళో వాటిని పొక్కలు అంటాం. ఆ ఆరు పొక్కల్లో పోసిన డబ్బంతా అడ్తిదారు దగ్గర తెచ్చిన అప్పు. ఆ అప్పు కట్టడానికి పండిన ప్రతి గింజా అతని కాంటా మీదికే పోవాలి, ధర అతను చెప్పిందే. మీ టేబుల్లో మాత్రం మామ "నీటి వసతి ఉన్న రైతు". అంటే కాస్త కలిగినవాడన్నమాట! బోరే లేని అతని తమ్ముడికి అప్పు లేదు. మీ టేబుల్లో ఆ తమ్ముడు పేదవాడు.

మాది రాతినేల. పైన మెత్తబడిన పొరలోనూ, కింద బండ పగుళ్ళలోనూ నిలిచిన నీళ్ళే నీళ్ళు. ఆ పొర దాటాక ఎంత లోతుకు పోయినా పగులు తగిలితే అదృష్టం, లేకపోతే పొక్క. 1998లో నూట యాభై అడుగులంటే లోతు బోరు అనుకునేవాళ్ళం. ఇప్పుడు నాలుగు వందలన్నా ఎవరూ తల తిప్పి చూడరు. 2002లో నీళ్ళు, భూమి, చెట్ల కాపుదలకని వాల్టా చట్టం వచ్చి కొత్త బోరుకు అనుమతి కావాలంది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. ఒకటి తవ్వొద్దంటుంది, ఒకటి తోడుకోమంటుంది. ఈ రెండింటి నడుమ రైతు వేసుకునే లెక్క తెలియాలంటే ఎండిపోయిన బోర్లు ఎన్ని అని అడగాలి. ఈ మాట రెండు టీముల వాళ్ళకు చెప్పాను. "నిజమే అక్కా, కానీ ఫార్మాట్ ఫైనల్ అయిపోయింది" అన్నారు.

ఇక భూమి. ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఎక్కువ తప్పులు రాసింది ఇక్కడే.

"మీరు కౌలుదారులా? అవును / కాదు." వాకిట్లో, నలుగురు వింటుండగా ఈ ప్రశ్న అడిగితే మా దగ్గర వచ్చే జవాబు "కాదు". పట్టాదారు చుట్టం పక్కనే నిలబడి ఉంటే ఇక చెప్పక్కర్లేదు. అలా మా ఊళ్ళో కౌలు దాదాపు లేనట్టే మీ రిపోర్టుల్లోకి ఎక్కింది. నిజానికి ఊరి చుట్టూ పత్తి చేలకు నడిచి చూస్తే, దున్నేది ఒకరు, పట్టా ఇంకొకరిది. పట్టాదారు హైదరాబాదులో ఉంటాడు. కాగితం ఉండదు, అంతా నోటిమాట. గుత్త డబ్బులు, అంటే కౌలు డబ్బులు, ముందే చేతిలో పెట్టాలి.

ఎందుకు దాస్తారంటే, అది ఈనాటి భయం కాదు. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులను గుర్తించి రిజిస్టరుకెక్కించింది. కౌలుదారు పేరు కాగితం మీదికి వస్తే భూమి చెయ్యిదాటుతుందని అప్పటి నుంచి పట్టాదారుల ఇళ్ళల్లో తాతలు మనవళ్ళకు చెబుతూనే ఉన్నారు. అందుకే కొందరు ఒకే మనిషికి ఒకే చేను వరసగా ఇవ్వరు. గుత్తకు చేసేవాడు నోరు జారితే వచ్చే ఏడు ఆ చేను ఉండదు. 2018 మేలో రైతుబంధు వచ్చింది, ఎకరానికి పంటకు నాలుగు వేలు. అది పట్టాదారుకే గానీ గుత్తకు చేసేవాడికి కాదు. అప్పటి నుంచి "ఈ చేను ఎవరు చేస్తున్నారు" అన్న మాట ఇంకా బరువెక్కింది. మీరు వచ్చి అడిగితే, ఇది రైతుబంధు (ఇప్పుడు రైతుభరోసా) ఎంక్వయిరీ ఏమోనని ఇద్దరికీ టెన్షనే.

ఈలోపు రికార్డు కూడా మారిపోయింది. పాత పహాణీలో, అంటే ఊరి భూముల రికార్డులో, పట్టాదారు పక్కన అనుభవదారు అని ఒక కాలమ్ ఉండేది. పట్వారీ రాసిందంతా నిజమని నేను అనను, మా నాయన ఆ కాలమ్ కోసం ఎన్ని కోళ్ళు ఇచ్చుకున్నాడో నాకు తెలుసు. కానీ దున్నేవాడి పేరు రాయడానికి ఒక చోటంటూ ఉండేది. 2017లో రికార్డుల ప్రక్షాళన జరిగి, 2020 అక్టోబరు 29న భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చేసరికి ఆ చోటు పోయింది. ఇప్పుడు ధరణి పోయి భూభారతి వచ్చింది. మధ్యలో ఒక పీహెచ్‌డీ అబ్బాయి పోర్టల్లోంచి తీసుకున్న సర్వే నంబర్ల పట్టికతో వచ్చి, ఆ పేర్లు పట్టుకుని ఊరంతా తిరిగాడు. రెండు రోజులకు, "అక్కా, వీళ్ళెవరూ ఊళ్ళో లేరేంటి?" అన్నాడు. పాపం, తెలివైన పిల్లాడే. ఎండలో తిరిగి ముఖం కందిపోయింది. మజ్జిగ ఇచ్చి, చేలల్లోకి తీసుకెళ్ళాను.

చేలల్లో అడగాలి సార్. పొద్దున్నే, కలుపు తీసేటప్పుడో, పత్తి ఏరే చోటో. "మీరు" అని మొదలుపెట్టొద్దు. "ఈసారి ఊళ్ళో గుత్త ఎట్లున్నది పెద్దమ్మా, ఎకరానికి ఎంత పోతున్నది?" అనండి. ఊరి సంగతి చెబుతూ తన సంగతిలోకి వస్తుంది. కౌలు అన్న మాట కంటే గుత్త అన్న మాటకు నోళ్ళు తొందరగా తెరుచుకుంటాయి. పాలుకు చేసేవాళ్ళయితే తమది కౌలే అనుకోరు, "కలిసి చేసుకుంటున్నం" అంటారు. ఆ కలయికలో విత్తనం ఎవరిది, మందు ఎవరిది, పంట పోతే నష్టం ఎవరిది అని అడిగితే అప్పుడు తెలుస్తుంది ఎవరు ఎంత కలిశారో.

ఆడవాళ్ళ పేరున ఎంత భూమి ఉందని కూడా అడుగుతారు, మంచిదే. పాస్‌బుక్కు ఎవరి పెట్టెలో ఉంది, పత్తి డబ్బులు ఎవరి ఖాతాలో పడ్డాయి, ఆ ఏటీఎం కార్డు ఎవరి జేబులో ఉంది అని కూడా ఒకసారి అడిగి చూడండి. అదీ భర్త ఇంట్లో లేనప్పుడు.

మీరు వచ్చే కాలం ఒకటి ఉంది. డిసెంబరు తర్వాత మొదలై, ఎండలు ముదిరేలోపు ముగించుకుంటారు. బాటలు ఆరి ఉంటాయి, జీపు పోతుంది. మా ఊళ్ళో అప్పటికి చాలా ఇళ్ళకు తాళాలు పడి ఉంటాయి. తాళం ఉన్న ఇంటికి మీ ఫార్మాట్‌లో "అందుబాటులో లేరు" అని ఒక కోడ్ ఉంది. అది వేసి, పక్కింటిని తీసుకోమంటారు. వలస మీద చేసిన సర్వేలో కూడా ఇదే పద్ధతి! వలస పోయినవాళ్ళు, వలస పోయినందుకే వలసల లెక్కలోంచి పోయారు. ఆ రోజు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు, రోజు కూలి వాళ్ళే ఇవ్వాలి కదా. 2014 ఆగస్టు 19న సర్కారు సమగ్ర కుటుంబ సర్వే పెడితే, పేరు పోతుందన్న భయంతో ఆ ఒక్కరోజు కోసం బొంబాయి నుంచి, పుణె నుంచి మా వాళ్ళు నిలబడి ప్రయాణం చేసి వచ్చారు. మీ సర్వేకు అలా రారు, వాళ్ళున్నప్పుడు మీరే రావాలి. పీర్ల పండక్కి వస్తారు. మృగశిర కార్తెకు ముందు విత్తనాల కోసం వస్తారు. బాట బురదగా ఉంటుంది, అంతే.

ఈ ఎండాకాలపు చూపు వల్ల ఏం జరుగుతుందో ఒకసారి దగ్గర నుంచి చూశాను. మాకు దగ్గర్లో ఒక ఫ్యాక్టరీ కోసం ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, పోలీసులు, ఉప్మా. పర్యావరణ ప్రభావ నివేదిక పెద్ద పుస్తకమంత ఉంది, ఇంగ్లీషులో. తెలుగులో సారాంశం కొన్ని పేజీలు. అందులో ఆ స్థలంలో "నీటి వనరులు ఏవియు లేవు" అని ఉంది. ఒక గొర్రెల కాపరి లేచి, "సారూ, ఆడ వాగుంటది" అన్నాడు. "ఎక్కడుంది, చూపించు" అన్నారు. అది మే నెల. ఏం చూపిస్తాడు, ఇసుక చూపించాడు. తర్వాత తెలిసింది, ఇలాంటి నివేదికలకు వానాకాలం కాకుండా ఏదో ఒక కాలం లెక్కలు తీసుకుంటే చాలని పద్ధతి ఉందట. మా వాగులూ కుంటలూ బతికేది వానాకాలంలోనే. ఆ కాలం వదిలేస్తే మా దగ్గర నీళ్ళే లేవు, చేపల్లేవు, కొంగల్లేవు, వరి లేదు. ఆ పుస్తకం రాసినవాళ్ళు అబద్ధం రాయలేదు. వాళ్ళు వచ్చిన నెలలో ఉన్నదే రాశారు.

ఊరి పడమర ఒక గుట్ట ఉంది. రెవెన్యూ లెక్కల్లో అది గైరాన్, అంటే పశువుల మేత భూమి. ఒక మేడం ఉపగ్రహ చిత్రాలతో వచ్చి దానికి బంజరు అని రంగు వేశారు. ఇంకొకరు వచ్చి మొక్కలు నాటడానికి అనువైన స్థలం అని రాశారు, 2015లో హరితహారం మొదలైనప్పుడు అక్కడ గుంతలు తవ్వి మొక్కలు పెట్టారు, గొర్రెలు పోకుండా కందకం తీశారు. 2017లో అదే సర్కారు గొల్లకురుమలకు ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున సబ్సిడీ మీద ఇచ్చింది. కొత్త గొర్రెలు దిగేసరికి మేసే గుట్టకు కందకం ఉంది. కొంతమంది మూడు నెలల్లో అమ్ముకున్నారు. అప్పుడు ఇంకో టీము వచ్చి, "లబ్ధిదారులు గొర్రెలను ఎందుకు అమ్ముకున్నారు?" అని అడిగింది. అడిగింది నేనే. గుట్ట గురించి రాయడానికి ఆ కాగితంలో చోటు లేదు. మొక్కల లెక్క ఒక ప్రాజెక్టుది, గొర్రెల లెక్క ఇంకో ప్రాజెక్టుది.

మా నాయన నీరటి పని చేసేవాడు. తూము ఎప్పుడు ఎత్తాలి, ఏ మడికి ముందు నీళ్ళు పారాలి, అలుగు పారేటప్పుడు కట్ట ఎక్కడ తడుస్తుందో కాలితో తొక్కి చెప్పేవాడు. కల్లంలో వడ్లు కొలిచేటప్పుడు చెరువు కింది ప్రతి రైతూ ఆయనకు కొంత పెట్టేవాడు. బోర్లు వచ్చాక ఆ పెట్టడం ఆగిపోయింది, ఆయన తర్వాత ఆ పని చేసేవాడు లేడు. 2015లో మిషన్ కాకతీయ మొదలై, రాష్ట్రంలో 46,531 చెరువులు బాగుచేస్తామన్నారు. మా చెరువు పూడిక కూడా తీశారు, మంచే జరిగింది. ఆ మట్టి చేలల్లో పోసుకుంటే ఎరువు ఖర్చు తగ్గుతుందని మీరు చేసిన సర్వేలో తేలి ఉంటుంది. తవ్వి పోయడం సర్కారుది, తోలుకోవడం రైతుది. ట్రాక్టరు కిరాయి పెట్టగలిగినవాడి చేలో నల్లమట్టి పడింది. రెండెకరాల వాడు కట్ట మీద నిలబడి చూశాడు. మీరు "ఎన్ని ట్రాక్టర్లు తోలారు" అని అడిగారు. సున్నా అన్నవాళ్ళను ఎందుకని అడగలేదు. ఇప్పుడు తూము ఎవరు ఎత్తుతున్నారని కూడా.

ఇవన్నీ కోపంతో రాస్తున్నానని అనుకోవద్దు. మీలో మంచివాళ్ళను చూశాను. మా దక్షిణాన, రాయలసీమలో, నల్గొండ వైపు, మా జిల్లాలో కూడా, రైతులే వానను, బావుల్లో నీటిమట్టాన్ని కొలుచుకుని, నీళ్ళెంత ఉంటే పంటెంత పెట్టాలో ఊరంతా కూర్చుని లెక్క వేసుకున్న పని ఒకటి రెండువేల దశకంలో జరిగింది. రైతుల యాజమాన్యంలో భూగర్భజలాలు అనేవాళ్ళు. ఆ అంకెలు గోడ మీద పెయింటుతో రాసి ఉండేవి, హైదరాబాదుకు వెళ్ళి చూడక్కర్లేదు. అనంతవరం అని పాత గుంటూరు జిల్లాలో ఒక ఊరు, అక్కడ 1974లో కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య గారు సర్వే చేస్తే, 2005-06లో మళ్ళీ వెళ్ళి ఇంటింటికీ అడిగి పోల్చి చూసినవాళ్ళున్నారు. అంటే మళ్ళీ వెళ్ళడం చేతకాని పనేం కాదు.

మా ఊరికి కూడా ఒకమ్మాయి తిరిగి వచ్చింది. చదువు అయిపోయి, ఉద్యోగం కూడా వచ్చాక. తను వేసిన ఊరి పటాన్ని పెద్ద ఫ్లెక్సీ మీద ప్రింటు చేయించి, పంచాయతీ ఆఫీసు గోడకు కట్టి, సాయంత్రం లైటు కింద తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. ఐదు నిమిషాలు కూడా కాలేదు, ఒకాయన లేచి "ఆ కుంట పేరు గది గాదు" అన్నాడు. ఇంకొకామె "శ్మశానం బాట ఏది బిడ్డా? పటంల లేకపోతే రేపు ఎవడో దున్నుకుంటడు" అంది. దాని మీద ఇద్దరు వాదులాడుకున్నారు, ఒకడు ఇప్పటికే సగం దున్నుకున్నాడని అప్పుడే బయటపడింది. రాత్రి పదింటికి ఆ ఫ్లెక్సీ నిండా స్కెచ్ పెన్ను గీతలే. ఆ అమ్మాయి థీసిస్‌లో మూడు చోట్ల తప్పు తేలింది, డిగ్రీ వచ్చేశాక. ముఖం చిన్నబోయింది. "ముందే రావలసింది అక్కా" అంది నాతో. నేనూ అదే అంటున్నాను. తిరిగి రావడం మాకు మీరు చేసే దయ అనుకోకండి. మీ లెక్క సరిపోయిందో లేదో చూసుకోవడానికి అంతకంటే చవకైన పద్ధతి లేదు.

చట్టం కూడా ఈ మాటే అంటోంది. 2013 భూసేకరణ చట్టం ప్రకారం సామాజిక ప్రభావ నివేదికను స్థానిక భాషలో పంచాయతీకి ఇవ్వాలి. 2006 పర్యావరణ నోటిఫికేషన్ కింద ఫ్యాక్టరీ వాళ్ళు సారాంశమైనా స్థానిక భాషలో పెట్టాలి. చట్టానికి భయపడి కన్సల్టెంటు నాలుగు పేజీలు తెలుగులో ఇస్తున్నాడు, అవి ఎంత అధ్వానంగా ఉన్నా. మా మంచి కోరి వచ్చిన మీరు అవి కూడా ఇవ్వడం లేదు.

నేను అడిగేది పెద్ద కోరికలేం కాదు. మీ ప్రాజెక్టు బడ్జెట్లో ప్రింటింగుకు, కాన్ఫరెన్సుకు, విమానానికి డబ్బులుంటాయి. ఒక్క తిరుగు ప్రయాణానికి కూడా రాసుకోండి, మా ఊరికి. నాలుగు పేజీలు తెలుగులో, మీ తెలుగు కాదు, మా తెలుగులో. రాయడం రాకపోతే నాకు ఫోన్లో చెప్పండి, నేను రాస్తాను. గ్రామసభలో చదవండి. పంట రోజుల్లో రెండున్నర గంటలు కూర్చోబెట్టిన మనిషికి ఆ పూట కూలి ఇవ్వండి. పత్తి ఏరేవాళ్ళకు కిలో లెక్కన కూలి, మీతో కూర్చున్నంతసేపూ తగ్గే కిలోలు ఆమెవే. "డబ్బిస్తే జవాబులు మారిపోతాయి" అని ఒక సారు అన్నారు. ఇవ్వకపోతే కూడా మారతాయి సార్, తొందరగా లేవాలని "అన్నీ బాగున్నయ్" అంటారు, నేను చూశాను. ఇంకొకటి, వెళ్ళేముందు ఈ సర్వే వల్ల ఇల్లు రాదు, పెన్షన్ రాదు అని మీ నోటితో మీరే చెప్పండి. మీరు బస్సెక్కాక ఆ మాట నాలుగేళ్ళ పాటు నేను చెప్పుకోవాల్సి వస్తోంది.

చివరగా నా దగ్గర ఒక వస్తువు ఉంది. 1998 నుంచి రాస్తున్న నోట్‌బుక్కులు, మొత్తం పదకొండు. మీ ఫార్మాట్లలో పట్టని మాటలన్నీ రాత్రి ఇంటికొచ్చి వాటిలో రాసుకునేదాన్ని. ఎవరి బోరు ఏ ఏడు ఎన్ని అడుగుల్లో ఎండింది, ఏ చేను గుత్త ఎంత నుంచి ఎంతకు పోయింది, గుట్ట మీద ఏ ఏడు దాకా గడ్డి కోసుకున్నారు, చెరువు అలుగు పారిన ఏళ్ళు. మామ ఆరు పొక్కలూ తారీఖులతో సహా ఉన్నాయి. పేర్లు మాత్రం ఎవరికీ చూపను, పేర్లున్న చోట కాగితం అంటించి ఇస్తాను. ఈ సంగతి ఎలాగో తెలిసి, ఈ మధ్య ఇద్దరు ముగ్గురు అడుగుతున్నారు, స్కాన్ చేసి పంపమని, పుస్తకాలు తీసుకెళ్ళి మళ్ళీ ఇస్తామని.

రండి, ఇస్తాను. మండలంలో జిరాక్స్ షాపు ఉంది, పేజీకి రెండు రూపాయలు, డబ్బులు మీవి. జిరాక్స్ మీరు తీసుకెళ్ళండి. పుస్తకాలు మాత్రం ఊళ్ళోనే ఉంటాయి. మామ ఇల్లు బస్టాండుకు దగ్గరే, ముందు అక్కడికి వెళ్దాం.

ఇట్లు,
మీ సర్వే అక్క
గ్రామం బి